లెక్క తప్పని చెయ్యి

తాడేపల్లిలో ఇంజనీరింగ్ చదివే నలుగురు పిల్లలు ఎండుమిర్చిలో తాలు ఏరే రోబో చేశారు. ఊహ కొత్తదేం కాదు. రైస్ మిల్లులో సార్టెక్స్ మిషను రంగు చూసి నల్ల గింజను గాలితో ఊదేస్తుంది. గుంటూరు యార్డులో ధర పలికేదీ కాయ రంగును బట్టే. అయినా కల్లాల్లో తాలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్ల చేతులే.

పట్టీ మీద కాయ కదులుతుంది. సెన్సర్ రంగు చూస్తుంది. తెల్లబారిన కాయైతే చిన్న మోటారు చెయ్యి దాన్ని పక్క గంపలోకి నెడుతుంది. ల్యాబులో భేషుగ్గా నడిచింది. కల్లంలోకి తెస్తే, మిట్టమధ్యాహ్నం నిగనిగలాడే ఎర్ర కాయల్నే తాలులోకి నెట్టడం మొదలెట్టింది.

ఇలాంటప్పుడు మనవాళ్లు దొరికిన స్క్రూనల్లా తిప్పేస్తారు. జట్టులోని అమ్మాయి ఒప్పుకోలేదు. ముందు అనుమానం రాసుకోవాలి, ఒక్కటే మార్చాలి, ఏమైందో చూడాలి. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలాక ఇస్రో చేసిందీ ఇలాంటి పనే. తప్పు ఎక్కడెక్కడ జరగొచ్చో ముందే ఊహించి చంద్రయాన్-3ని పరీక్షలకు పెట్టింది. ఇక్కడ పిల్లల మొదటి అనుమానం సెన్సర్ మీద. కొత్తది బిగించారు, అదే తంతు. రెండోది ఎండ మీద. నున్నటి తోలు మీద ఎండ తళుక్కుమంటే సెన్సర్ కంటికి ఎరుపూ తెలుపే. అట్టపెట్టె కప్పి లోపల ఎల్‌ఈడీ దీపం పెట్టారు. కుదిరింది.

ఇంతకీ ఏది తాలో తేల్చేదెవరు? ఆ కల్లంలో ఏళ్లుగా ఏరుతున్న పెద్దావిడ. అమ్మాయి ఆవిడనూ వదల్లేదు. ఏరిన కాయల్ని మళ్లీ కలిపేసి, చెప్పకుండా మర్నాడు ఆవిడ ముందే పోసింది. తాలు తూకం రెండుసార్లూ ఇంచుమించు ఒకటే.

ఆఖరి పరీక్ష చూడ్డానికి కారం మిల్లు ఆయనొకరు వచ్చారు. చేతులు కట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎన్ని బస్తాలు పోసినా ఇంతేనా? లెక్క తప్పదా?"

"తప్పదు బాబాయ్ గారూ. ఇంకా ఏమన్నా మార్చాలంటే చెప్పండి, రాసుకుంటాను."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఒక్కటేనమ్మా. దీన్ని వెనక్కి నడపొచ్చా? ఎర్ర కాయల్లో తాలు నూటికి ఇరవై పడాలి. మా ఆడోళ్లు చేత్తో కలిపితే ఒక్కోసారి ముప్పై పడిపోయి రంగు తేలిపోతోంది."