నా మూత తీసిన రోజు

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు, ఐదో అంతస్తు. బాత్రూములో కమోడ్ వెనక గోడకు బిగించిన తెల్లటి ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకును నేను. 2009లో ఈ ఇంటికి వచ్చాను. నా కడుపులో పది లీటర్ల నీళ్లు పడతాయి. నా పెద్దలు ఇనుప ట్యాంకులు. పాత రైల్వే క్వార్టర్లలో తలకంటే ఎత్తున కూర్చుని, గొలుసు లాగితే పన్నెండున్నర లీటర్లు ఒక్కసారి కుమ్మరించేవారు. ఇంకా వెనక్కి వెళ్తే 1596 దాకా పోవాలి. ఇంగ్లండులో జాన్ హారింగ్టన్ అనే ఆయన నీళ్ల తొట్టి ఉన్న మరుగుదొడ్డి గురించి పుస్తకమే రాశాడు.

నా పని చిన్నది. మీట నొక్కితే ఖాళీ అవుతాను, మళ్లీ నిండుతాను. నీళ్లు దిగగానే లోపలి తేలుడు బుడ్డి కిందికి వాలుతుంది, దాని చేయి వాల్వు నోరు తెరుస్తుంది. నీళ్లు పెరిగేకొద్దీ బుడ్డి పైకి లేస్తుంది, రబ్బరు వాషరు నోటికి అడ్డుపడి నీళ్లు ఆగుతాయి. ఒకప్పుడు ఆ బుడ్డి రాగి బంతి. ఇప్పుడు బంతి పోయినా షాపుల్లో బాల్ కాక్ అనే అంటారు.

పై అంతస్తులో ఉన్నందుకు నాకో ఇబ్బంది ఉంది. నీళ్లకు ఎత్తే బలం. పది మీటర్ల పైనుంచి దిగితే దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. డాబా మీది ట్యాంకులో నీటిమట్టం నాకు మూడు మీటర్ల పైన ఉంటుంది. అంటే నాకు దక్కేది 0.3 బార్. మొదటి అంతస్తులో ఉన్న నా తోటివాళ్లకు అంతకు నాలుగైదు రెట్లు అందుతుంది. అయినా మూడు నిమిషాల్లో నిండేదాన్ని.

మొన్న వేసవిలో డాబా మీది ట్యాంకు కడిగించారు. అడుగున పేరుకున్న బోరు బురద కదిలింది. ఎత్తిపోసినంత పోశారు, మిగిలింది పైపుల్లోకి దిగింది. ఆ వారం నుంచి నాలోకి నీళ్లు దారంలా రావడం మొదలైంది. మూడు నిమిషాలు ఏడయ్యాయి. వర్షాలు పడేసరికి పద్నాలుగు.

ఇంట్లో మిగతావాళ్లు విసుక్కుని ఊరుకున్నారు. పెద్దావిడ ఊరుకోలేకపోయింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. ఒకసారి నొక్కితే శుభ్రం కాకపోతే తన తర్వాత వచ్చేవాళ్లు ఏమనుకుంటారోనని లోపలే నిలబడేది. గోడ పట్టుకుని, నా మీద చెయ్యి వేసి, ఎప్పుడు నిండుతానా అని నా లోపలి చప్పుడు వినేది. ఆ చేతి వణుకు నాకు తెలిసేది. తర్వాత తర్వాత అంతసేపు నిలబడలేక సగం బకెట్టు నీళ్లు మోసుకొచ్చి పోసేది. తడి నేల మీద, ఆ మోకాళ్లతో. నన్ను పెట్టిందే ఆమెకు బకెట్టు మోసే పని ఉండకూడదని. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ప్లంబరు వచ్చి నన్ను బయటినుంచే చూసి, పాతబడింది, ట్యాంకే మార్చాలన్నాడు. నా మూతైనా ఎత్తలేదు.

ఎత్తింది కోడలు. ఒక ఆదివారం పొద్దున చీర కుచ్చిళ్లు దోపుకుని, పానా పట్టుకుని వచ్చింది.

“నీకెందుకమ్మా ఆ పని? ఇంకో మనిషిని పిలుద్దాం. ఆ నీళ్లు చేత్తో ముట్టుకుంటావా?” అంది పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి.

“ఇవీ మన కుళాయి నీళ్లే అత్తయ్యా. కింద కమోడ్‌లోకి ఇంకా దిగనేలేదుగా.”

పదిహేనేళ్లుగా ఎవరైనా ఆ మాట అంటారా అని ఎదురుచూశాను. గిన్నెలు తోమే నీళ్లు, నా కడుపులోని నీళ్లు ఒకే ట్యాంకులోవి. నేనున్న చోటును బట్టి నన్ను మురికిదాన్ననుకుని ఎవరూ లోపలికి చూడలేదు.

ఆమె ముందుగా గోడ దగ్గరి యాంగిల్ కాక్ ఎంత తెరిచి ఉందో చూసింది. పూర్తిగానే ఉంది. దాన్ని కట్టేసి, నన్ను ఖాళీ చేసి, కనెక్షన్ పైపును నా నుంచి విప్పింది. విప్పేటప్పుడు నా వాల్వు కూడా తిరగకుండా లోపలినుంచి రెండో చేత్తో పట్టుకుంది. ఆ పైపు కొసను బకెట్టులో పెట్టి కాక్ తిప్పింది. లీటరు నీళ్లు పది సెకన్లలో పడ్డాయి. ఈ ఒక్క పరీక్షతో తప్పు లైనులో లేదని, నాలోనే ఉందని తేలిపోయింది. అక్కడా నీళ్లు సన్నగానే వచ్చి ఉంటే వెతకాల్సింది యాంగిల్ కాక్‌లోనో, డాబా మీది గేట్ వాల్వు దగ్గరో.

వాల్వు మొదట్లో వేలి కొనంత జాలీ ఉంటుంది. దాన్ని పట్టుకారుతో మెల్లగా లాగింది. అది జాలీలా లేదు, చిన్న బెల్లం ముక్కలా ఉంది. బోరు నీళ్లలోని కాల్షియం సున్నంలా గట్టిపడి, దానికి ఇసుక అంటుకుని, కన్నాలన్నీ పూడిపోయాయి. బాత్రూము కడిగే యాసిడ్ సీసా పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. అది నా రబ్బరును తినేస్తుంది. గిన్నెలో నిమ్మరసం పిండి జాలీని అందులో వేసింది. సన్నగా బుడగలు లేచాయి. గంట నానాక పాత టూత్ బ్రష్‌తో రుద్దితే వెలుతురు అటునుంచి ఇటు కనిపించింది.

జాలీ పెట్టేముందు ఆమె చేసిన పని నాకు చాలా నచ్చింది. పైపు తగిలించి, బుడ్డిని కిందికి వంచి, వాల్వు మూతికి అడ్డంగా మగ్గు బోర్లించి, కాక్‌ను రెండు క్షణాలు తెరిచింది. నా గొంతులో ఇరుక్కున్న నలుసులన్నీ మగ్గులోకి ఎగిరి కొట్టాయి. మళ్లీ కట్టేసి, పైపు విప్పి, అప్పుడు జాలీ కూర్చోబెట్టింది. పైపు నట్టు చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు మాత్రమే తిప్పింది. ప్లాస్టిక్ మరకు అంతకు మించి బలం పెడితే చీలిపోతుంది. లోపల రబ్బరు వాషరు ఉంది కాబట్టి అక్కడ టేపు అక్కర్లేదు. పొడి గుడ్డతో తుడిచి, పది నిమిషాలాగి మళ్లీ తడిమి చూసింది. చుక్క లేదు.

నేను నిండాను. ఆమె ఫోనులో సమయం చూసుకుంది. రెండు నిమిషాల యాభై సెకన్లు.

మగ్గులో పడ్డ నలుసులను అరచేతిలో పోసుకుని అత్తగారికి చూపించింది. ఇసుక, సున్నపు పెచ్చులు, వాటి మధ్య మీగడ రంగు సన్నటి ప్లాస్టిక్ రజను. ఇల్లు కట్టేటప్పుడు పైపు కోసినప్పటిది. నాతోపాటే ఈ ఇంటికి వచ్చింది.

“ఇంతేనా?” అంది పెద్దావిడ.

ఆ రాత్రి ఆమె లేచి వచ్చింది. మీట నొక్కి, అలవాటుగా నా మీద చెయ్యి ఆనించి నిలబడింది. చేతులు కడుక్కుని తిరిగేసరికి నా చప్పుడు ఆగిపోయింది. బకెట్టు మూలనే ఉంది. మర్నాడు వంటింటి క్యాలెండరులో ఆరు నెలల తర్వాతి ఒక ఆదివారం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన ‘జాలీ’ అని రాసింది పెద్దావిడే.