నా నీటికి తగ్గ చేపలు

నేను నాలుగడుగుల గాజుతొట్టిని. కొనకనమిట్లలో ఓ ఇంటి ముందుగదిలో ఉంటాను. నిండా పోస్తే 250 లీటర్లు పడతాయి. చాలాకాలం నాలో ఒకే ఒక్క ఫ్లవర్‌హార్న్ ఉండేది. నుదుట బొడిపె ఉన్న చేప ఇంటికి కలిసొస్తుందని తెచ్చారు. దానికి వయసైపోయింది, పోయింది. చేప లేకపోయినా ఫిల్టరు స్పాంజిలో మలినాన్ని విరిచే బ్యాక్టీరియా చావకుండా పాప రోజూ చిటికెడు మేత వేస్తోంది, ఫిల్టరు తిరుగుతూనే ఉంది.

మళ్లీ ఫ్లవర్‌హార్న్ కుటుంబమైన సిక్లిడ్లే కావాలని ఇంటిల్లిపాదీ అంటున్నారు. నాకూ అదే ఇష్టం. అవి హద్దులు గీసుకుంటాయి, పోట్లాడతాయి, పిల్లల్ని సాకుతాయి. పాప మనసు డిస్కస్ మీద ఉంది. ఆ అమెజాన్ చేప అందానికి వంక పెట్టలేను. కానీ దానికి సున్నం తక్కువగా, కాస్త ఆమ్లగుణంతో ఉన్న నీళ్లు కావాలి. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా సున్నం కడుతుంది. ఫ్లోరైడ్ భయానికి ఈ పడమటి ప్రకాశంలో మనుషులే తాగడానికి క్యాన్ నీళ్లు కొనుక్కుంటున్నారు. డిస్కస్ కోసం ఆర్వో పెడితే, వడకట్టగా వచ్చే నీళ్ల కంటే పారబోసేవే ఎక్కువ. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే నేలలో నా పేరిట అన్ని నీళ్లు పోవడానికి నేను ఒప్పుకోను.

ఉన్న నీటికి తగ్గ చేపలున్నాయి కదా! తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సులో వందల రకాల సిక్లిడ్లున్నాయి. అక్కడి నీళ్లూ క్షారగుణంతో ఉంటాయి, పీహెచ్ 8కి అటూ ఇటూ ఉంటుంది. ఆ సరస్సులో రాళ్ల సందుల్లో బతికే చేపల్ని ఎంబునా అంటారు. పాప నాన్న మా నీళ్లు సీసాలో పట్టుకెళ్లి షాపులో పరీక్ష చేయించి, పసుపుపచ్చని ఎల్లో ల్యాబ్ దగ్గర ఆగాడు. ఎంబునాల్లో అది నెమ్మదైనది, పెరిగినా నాలుగంగుళాలే. అడుగు దాకా పెరిగే ఆస్కార్ చేపను వద్దనుకోవడం నాకు సంతోషమే.

రాళ్ల మాట తాత తేల్చాడు. "మార్కాపురం పలకరాయి ఉండగా వేరే రాయి దేనికిరా?" అన్నాడు. రాయి మీద వెనిగర్ చుక్క వేసి చూశాడు. పొంగలేదు, అంటే సున్నపురాయి కలవలేదు. నా అడుగున పల్చటి థర్మకోల్ పరిచి, ముందు రాళ్లు పేర్చి, తర్వాతే ఇసుక పోశారు. ఈ చేపలు ఇసుక తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒరిగితే నా గాజు పగులుతుంది.

చిన్నప్పుడు ఆడామగా తేలవు గనుక డజను పిల్లల్ని ఒకేసారి తెస్తారట. ఒక్కొక్కటిగా తెస్తే ముందొచ్చింది తొట్టంతా తనదే అంటుంది. క్షారపు నీటిలో అమ్మోనియా మరీ విషం. అందుకే మొదటి వారాల్లో మేత తగ్గించాలి, వారం వారం కొన్ని నీళ్లు మార్చాలి. ఎండాకాలం కరెంటు పోతే గాలి మోటారుకు బ్యాటరీ ఉండాలి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు అంతగా నిలవదు.

పిల్లలు ఎక్కువైతే చెరువులో వదలొచ్చని పక్కింటాయన అన్నాడు. తాత గట్టిగా వద్దన్నాడు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడ్డే. అది చెరువులకూ జలాశయాలకూ పాకి, మన చేపల మేతనూ చోటునూ లాక్కుంది. మిగిలిన పిల్లల్ని షాపుకే తిరిగి ఇవ్వాలి.

పాపకు ఒక్క మాట చెప్పాలని ఉంది. ఎప్పుడైనా ఓ చేప గొంతు ఉబ్బి, మేత ముట్టకుండా రాళ్లలో దాక్కుంటే జబ్బు చేసిందని కంగారుపడి మందు పొయ్యొద్దమ్మా. నోట్లో గుడ్లున్నాయి. మూడు వారాలు దాని జోలికెళ్లకు.