ఎమ్మెల్సీ వర్ధిల్లాలి!

అమెరికావాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ప్రతిదానికీ వాళ్లకు చట్టం కావాలి. తుపాకీ దెబ్బలు లెక్కపెట్టకుండా ఉండడానికి కూడా చట్టమే చేసుకున్నారు పాపం! 1996లో ఆర్కన్సా నుంచి వచ్చిన జే డికీ అనే ప్రతినిధుల సభ సభ్యుడు నిధుల బిల్లులో ఒక వాక్యం దూర్చాడు: ప్రజారోగ్య సంస్థ సీడీసీ తన డబ్బును తుపాకుల నియంత్రణ ప్రచారానికి వాడరాదని. పరిశోధన వద్దని అందులో ఎక్కడా లేదు. కాకపోతే అంతకు ముందేడు తుపాకీ గాయాల పరిశోధనకు ఎంత ఖర్చయిందో సరిగ్గా అంత, 26 లక్షల డాలర్లు, ఆ సంస్థ బడ్జెట్లోంచి కోసేశారు. తెలివైన అధికారికి ఆ సైగ చాలదూ?

అంతకు మూడేళ్ల ముందు ఆర్థర్ కెలర్‌మన్ అనే డాక్టరు చేసిన పాపం ఒక్కటే. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ముప్పు 2.7 రెట్లని అచ్చేశాడు. తుపాకీల సంఘానికి ఒళ్లు మండింది. తుపాకీని తిట్టండి, శాపనార్థాలు పెట్టండి, వాళ్లు పట్టించుకోరు. ఎక్కాలు చదివితే మాత్రం ఊరుకోరు. ఆ తాళం 2019 డిసెంబరులో గానీ ఊడలేదు. ఊడాక రాలింది రెండున్నర కోట్ల డాలర్లు. ఈలోగా డికీ గారే 2012లో పేపర్లో వ్యాసం రాసి చెంపలేసుకున్నారు.

హైదరాబాద్ షాలిబండ హోటల్లో ఈ కథంతా మా చిచ్చాకు చెప్పాను. చిచ్చా సాసర్లోకి చాయ్ వంచుకుంటూ నవ్వాడు. "దానికింత మెహనత్ ఎందుకు బేటా? మన దగ్గర కానూన్ లేకుండానే నడుస్తోంది కదా!"

నడుస్తోంది, దివ్యంగా నడుస్తోంది. మా పాతబస్తీలో తుపాకీ కంటే చాకుదే రాజ్యం. తుపాకీ అంటే మాకు గుర్తొచ్చే తారీఖు 2011 ఏప్రిల్ 30. ఆ రోజు బార్కస్ దగ్గర ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీని కాల్చారు, పొడిచారు. ఆయన బతికి బయటపడ్డారు. ఎమ్మెల్యే దెబ్బ గనుక ఊరందరికీ కంఠతా. మరి అర్ధరాత్రి పాన్ డబ్బా ముందు పొడిపించుకున్న ఆటో కుర్రాడి దెబ్బ? అది ఎమ్మెల్సీ. మండలి సభ్యుడేమోనని కంగారుపడకండి, మెడికోలీగల్ కేసు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానాకు మోసుకెళ్తే డ్యూటీ డాక్టరు అన్నీ రాస్తాడు: గాయం పొడవెంత, లోతెంత, పదునైన ఆయుధమా మొద్దుదా, సింపులా గ్రీవియసా, తెచ్చినవాడెవడు, టైమెంత. పోలీసులకు కబురు వెళ్తుంది. ఆ పుస్తకం కోర్టు కోసం పుట్టింది, కోర్టు పిలిస్తేనే లేస్తుంది. ఏ గల్లీలో, ఏ వేళప్పుడు, ఏ వయసువాళ్లకు పోట్లు పడుతున్నాయని పేజీలన్నీ కూడి చూడడం దాని జాతకంలో రాసిలేదు.

మన సర్కార్లకు లెక్కలంటే భయమనుకునేరు. ఛ! 2014 ఆగస్టు 19న రాష్ట్రం మొత్తాన్ని ఒక్క రోజు ఇంట్లో కూర్చోబెట్టి కుటుంబ సర్వే చేసిన ఘనులం. పదేళ్లకు మళ్లీ కులగణన అంటూ వచ్చి 75 ప్రశ్నలడిగారు. చాకు పోట్ల ప్రశ్న ఉంటుందేమోనని చిచ్చా ఎదురుచూశాడు, మోకాలి కింద పాత మచ్చ చూపించడానికి లుంగీ కూడా సర్దుకున్నాడు. పోలీసులూ తక్కువ తినలేదు. కార్డన్ సెర్చ్ జరిగిన మర్నాడు పేపర్లో చూడండి, కాగితాల్లేని బైకులు ఎన్నో కచ్చితంగా ఉంటుంది. రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లడానికి ఆపరేషన్ చబుత్రా అని పేరే పెట్టారు. ఏ అరుగు దగ్గర ఎన్ని పోట్లు పడ్డాయో అడగకండి. అరుగు ఉంది, కుర్రాడు ఉన్నాడు, ఇంకేం కావాలి? ఇక దేశం మొత్తానికి 2023 నేరాల లెక్క 2025 సెప్టెంబరు చివర్లో వచ్చింది. కుట్లు ఊడిపోయి, మచ్చ మానిపోయి, పొడిచినవాడూ పొడిపించుకున్నవాడూ వియ్యంకులైపోయేంత టైము.

అలా పేజీలు కూడి చూసినవాడూ ఒకడున్నాడు. వేల్స్‌లో జొనాథన్ షెపర్డ్ అని ముఖాలకు ఆపరేషన్లు చేసే డాక్టరున్నాడు. దవాఖానాకొచ్చిన దెబ్బల్లో చాలావాటి సంగతి పోలీసులకు తెలియనే తెలియదని కనిపెట్టాడు. పేర్లు తీసేసి, ఎక్కడ, ఎప్పుడు, దేంతో అన్న మూడు ముక్కలు పోలీసులకు పంపడం మొదలుపెట్టాడు. కార్డిఫ్‌లో కొట్లాటల దెబ్బలతో అడ్మిటయ్యేవాళ్లు తగ్గారు. ఎంత అనవసరపు శ్రమ! మూలం వెతికి చూసే పని మన బేగంపేటలో ఎప్పుడో చేశారు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియాను తిడుతూ కూర్చోలేదు, దోమ పొట్ట కోసి చూశాడు. ఆయన అదృష్టం, దోమలకు అప్పటికింకా సంఘం లేదు.

అమెరికాలోనేమో తుపాకీకి సంఘం ఉంది. 2021లో తుపాకీకి 48,830 మంది పోయారు. 2024 జూన్‌లో సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఇది ప్రజారోగ్య సంక్షోభమని ప్రకటించారు. 2025 మార్చికల్లా ఆ ప్రకటన ప్రభుత్వ సైట్లోంచి మాయమైంది. ఏప్రిల్లో సీడీసీ గాయాల విభాగంలో చాలామందిని ఇంటికి పంపేశారు. ఆగస్టు 8న ఒకడు అట్లాంటాలో ఆ సీడీసీ ఆఫీసు మీదే వందల తూటాలు పేల్చాడు. ఒక పోలీసు అధికారి ప్రాణం పోయింది. లెక్కపెట్టేవాళ్లు వెళ్లిపోయాక తూటాలు లెక్క చెప్పడానికి స్వయంగా వచ్చాయన్నమాట.

2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో కాల్పులకు చనిపోయిన ఎనిమిది మందిలో మన హైదరాబాద్ అమ్మాయి ఉంది. ఆ వార్త చదివిన రోజు చిచ్చా చాయ్ తాగలేదు. ఆయన మనవడి వీసా ఇంటర్వ్యూ ఆ మర్నాడే.

మొన్నొక బారాత్‌కు వెళ్లాం. మర్ఫా దుమ్ము రేపుతోంది, గుర్రం బెదురుతోంది. ధన్‌మని పేలింది. పటాకా అన్నారు ఎవరో. మళ్లీ ధన్, మళ్లీ ధన్. గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడతాయని 2019లో ఆయుధాల చట్టం సవరించారు కదా అని గుర్తుచేశాను. అందరూ పైకి చూసి చప్పట్లు కొడుతున్నారు. పైకి పోయింది ఎక్కడ దిగిందో చూద్దామని నేను డాబాల వైపు చూస్తూ "మూడు" అన్నాను. చిచ్చా చెంచాడు ఖుబానీ కా మీఠా నా నోట్లో కుక్కాడు.

"గిన్నా నక్కో బేటా. ఖాలే."