మిగిలిన 0.1 శాతం మాటేమిటి?

మౌత్‌వాష్ సీసా మీద 99.9 శాతం క్రిములు హతం అని రాసి ఉంటుంది. నూటికి నూరూ అనకపోవడం కంపెనీ వారి వినయం. పంటి మీది పాచిని ఒక్క మిల్లీగ్రాము గీస్తే అందులో పది కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటుంది. సీసా మాట నిజమే అనుకున్నా లక్ష మిగులుతాయి. అవేమైనా సన్యసిస్తాయా? తెల్లారేసరికి పిల్లాపాపలతో కళకళలాడుతుంటాయి.

అసలు ఆ 99.9 ఎక్కడి లెక్క? ప్రయోగశాలలో, గాజుగొట్టంలో, విడివిడిగా ఈదుతున్న క్రిముల మీద సాధించిన విజయం. పిల్లవాడి నోట్లో అవి అంత అమాయకంగా ఈదవు. పంటికి అతుక్కుని, చుట్టూ జిగురు కట్టుకుని గుంపుగా బతుకుతాయి. డాక్టర్లు బయోఫిల్మ్ అనేది దీన్నే. ఆ జిగురులో ఉన్నది విడిగా తిరిగేదానికన్నా వెయ్యి రెట్ల దాకా మందును తట్టుకోగలదు. పైవరుస చస్తుంది, లోపలివాళ్ళకు కబురు కూడా అందదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1680లలో హాలెండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని తానే చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూశాడు. వెనిగర్ ప్రయోగించీ చూశాడు. పైనున్నవి చచ్చాయి, పాచి లోపలివి చావలేదు. ఉన్నదున్నట్టు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాసేశాడు. వెనిగర్‌కు నీలిరంగు కలిపి సీసాలకెత్తాలన్న ఆలోచనే రాలేదు, పాపం!

ఇక మౌత్‌వాష్‌లలో వాడే క్రిమిసంహారక మందు క్లోర్‌హెక్సిడిన్. చిగుళ్ళ వాపుకు కొన్నాళ్ళు వాడితే పనికొస్తుంది, కాదనను. పళ్ళకు గోధుమరంగు పూసి, నాలుకకు రుచి చెడగొట్టడం దాని అదనపు సేవ. దాని జెల్లూ వార్నిషూ పిల్లల పళ్ళు పుచ్చకుండా ఆపుతాయా అని 2015లో, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ప్రయోగాలన్నీ వెతికితే, ఆపుతాయనడానికి గట్టి ఆధారం చిక్కలేదు. ఆరేళ్ళలోపు పిల్లలకు మౌత్‌వాష్ వద్దంటారు, ఉమ్మకుండా మింగేస్తారని. పిల్లల సీసాకేమో కార్టూన్ బొమ్మ, పండ్ల రుచి. ఇన్ని పెట్టి ఉమ్మేయమంటే ఏ పిల్లవాడు వింటాడు?

ఇంతకీ ఆ జిగురుకు సరుకు పంపేది మనమే. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా చక్కెర తిని, పంటికి అతుక్కునే బంకనూ పన్నును కరిగించే ఆమ్లాన్నీ రెండూ తయారుచేస్తుంది. రాత్రి చక్కెర పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడతాం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక కడిగే దిక్కుండదు. పొద్దున్నే లేచి క్రిములపై యుద్ధం ప్రకటిస్తాం! పన్ను నల్లబడితే “పాలపళ్ళే కదా, ఊడిపోయేవేగా” అని పెద్దలు సర్దిచెబుతారు. వెనక దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవని, పిల్లవాడు అన్నాళ్ళూ వాటితోనే నమలాలని వాళ్ళకెవరు చెప్పాలి?

జిగురును తెంచేది పుక్కిలింత కాదు, బ్రష్షు రాపిడి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ బ్రష్షు పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. మూడేళ్ళలోపు వాళ్ళకు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత చాలు. ప్రకటనలో మాత్రం బ్రష్షు ఈ కొసనుంచి ఆ కొసదాకా మెలికలు తిప్పి మరీ పిండుతారు. గింజంతే వాడితే ట్యూబు ఎప్పటికి ఖాళీ కావాలి, కంపెనీ ఎప్పటికి బాగుపడాలి?