అపిష్ట సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: అపిష్టోఽపి ఘనో రసః

అవతారిక: సింగపూరు సెంగ్‌కాంగ్‌లో ఒకానొక హెచ్‌డీబీ ఫ్లాట్ పదకొండో అంతస్తున, ఆదివారం మధ్యాహ్నం, వంకాయ పులుసు గిన్నె మూత తీస్తుండగా ఈ సూత్రం వెలువడినది. సూత్రకారులు లో-కార్బ్ దీక్షాపరులు. ఉపదేశింపుమని కోరినవారు లేరు.

ప్రతిపదార్థం: సులభమగుటచే విడువబడినది.

టీక: పిండి లేకున్నను చిక్కబడుట వింత అని సూత్రకారుల భావం. నువ్వులు వేయించి పొడి చేసి పులుసులో కలిపినవారు, గుత్తివంకాయకు వేరుశనగలూ కొబ్బరీ నూరినవారు, బెండకాయ జిగురే చాలుననుకొన్నవారు తరతరాలుగా ఉన్నారు. వారెవ్వరును దీనిని ఆవిష్కరణ అనలేదు. గసగసాలును ఈ కోవలోనివే. అయితే సింగపూరులో అవి సెంట్రల్ నార్కోటిక్స్ బ్యూరో నియంత్రణలోని సరుకు. ఊరినుంచి పెట్టెలో వేసుకొని చాంగీ విమానాశ్రయంలో దిగరాదు.

ఇచట చింతగింజను స్మరింపక ముందుకు సాగరాదు. పండు పిసికి పులుసు పోసి, గింజను చెత్తబుట్టలో వేయుదుము. ఆ గింజ పొడి నీటిలో మరిగిన చిక్కని జిగురగును. కొండపల్లివారు దీనినే రంపపు పొట్టుతో కలిపి ‘మక్కు’ చేసి, పొణికి చెక్క బొమ్మకు చేతులూ కాళ్లూ అతుకుదురు. మిల్లులవారు నూలుకు గంజిగా పెట్టుదురు. జపానువారు ఐస్‌క్రీముల్లో, సాసుల్లో వాడుదురు. కొండపల్లి ఏనుగు బొమ్మ మీది అంబారీని నిలిపిన జిగురు వంకాయ ముక్కను నిలుపలేదా? నిలుపును. కాని చింతగింజకు ఇంగ్లీషు అక్షరాల డబ్బా లేదు.

ప్రకృతమేమనగా, సూత్రకారులు వాడినది జాంథన్ గమ్. క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చు జాంథోమోనాస్ అను బ్యాక్టీరియాకు చక్కెర మేపి, పులియబెట్టి, దీనిని రాబట్టుదురు. చక్కెర విసర్జించినవారి కొరకు చక్కెర తినిపెట్టు పరోపకారి అది. చిటికెడు చాలును. వీరు చెంచాడు వేసిరి. గరిటె ఎత్తగా పులుసంతయు వెంట లేచినది. గోరుచిక్కుడు కూరకు ముఖం చిట్లించు వీరే, దాని గింజల పొడి గ్వార్ గమ్ అను పేర వచ్చిన భక్తితో కొందురు.

పూర్వపక్షం: పెద్ద చెంచాడు మొక్కజొన్న పిండిలో సుమారు 7 గ్రాముల కార్బ్ కలదు కదా?

సమాధానం: కలదు. ఎనమండుగురు పంచుకొనగా తలకు ఒక గ్రాముకు లోపు. అదే పులుసులో నిమ్మకాయంత బెల్లం పడినది. దాని లెక్క ఏది? చిల్లీ క్రాబ్ దుకాణంలో “సాసులో పిండి ఉందా?” అని వెయిటర్‌ను నిలదీసి, ఆ సాసునే వేయించిన మైదా మాంటౌ బన్నుతో అద్దుకుని తిన్నవారే కదా వీరు!

ఆరోగ్యశాఖ 2016లో మధుమేహం మీద యుద్ధం ప్రకటించిన దేశమిది. చక్కెర ఉన్నాయన పిండి మానుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, ఆయనకు డాక్టరున్నాడు. నాకు ఆకలుంది. నలభై నిమిషాలు ఎమ్మార్టీ రైల్లో వచ్చి కూర్చుంటే, అన్నమని కాలీఫ్లవర్ తురుము పెట్టి, అది అన్నమేనని నా చేత ఒప్పించబోవడం ఏ శాస్త్రం?

తాత్పర్యం: పులుసు చిక్కబడాలంటే నీళ్లు తగ్గించి, మంట సన్నం చేసి మరికాసేపు మరగనివ్వాలి. దీక్ష మీది, పస్తు మాది కాకూడదు. పిలిచినవాళ్లు పక్కన ఒక గిన్నెడు అన్నం వండండి.