ఒక కలరిమీటరు ఆత్మకథ

రంగు ద్రావణం గుండా కాంతిని పంపి, అందులో ఎంత భాగం లోపలే ఇంకిపోయిందో కొలిచి, దానినిబట్టి ద్రావణంలో పదార్థం ఎంత ఉన్నదో తేల్చే సాధనానికి కలరిమీటరు అని పేరు. ఇక్కడ తన కథ చెప్పుకొంటున్న కలరిమీటరు, వెనుకటి పండితులు తమను ‘ఈ గ్రంథకర్త’ అని పేర్కొన్న పద్ధతిలో, తనను ‘ఈ పరికరం’ అనే పేర్కొంటుంది. తన సంగతిని కూడా కొంత దూరం నుంచి కొలిచి చెప్పడమే కొలత సాధనానికి మర్యాద అని దాని అభిప్రాయం.

పుట్టుక గురించి చెప్పవలసినది స్వల్పం. ఒక రేకు పెట్టెలో టంగ్‌స్టన్ బల్బు, ఏదో ఒక రంగు కాంతిని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్లు, ద్రావణం పోసే క్యూవెట్ అనే చిన్న గాజు గొట్టం, దాటివచ్చిన కాంతిని విద్యుత్తుగా మార్చే ఫోటోసెల్, ఆ విద్యుత్తును చూపే ముల్లు ఉంటే చాలు. వంశచరిత్ర మాత్రం ఘనమైనది. కాంతి దాటే పొర మందమయ్యేకొద్దీ అది క్షీణించే తీరును 1729లో బుగే, 1760లో లాంబర్ట్ వివరించగా, ద్రావణపు గాఢతకూ ఆ క్షీణతకూ గల సంబంధాన్ని 1852లో బీర్ చూపాడు. బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం, పలుచని ద్రావణాలలో గాఢత రెట్టింపయితే శోషణం, అనగా కాంతి ఎంతగా ఇంకిందో తెలిపే ప్రమాణం, కూడా రెట్టింపవుతుంది; కనుక రెండింటినీ గ్రాఫు మీద గుర్తిస్తే సరళరేఖ వస్తుంది.

ఈ పరికరం జీవితమంతా ఒక కోస్తా పట్టణపు కళాశాలలో, ఉద్యోగస్తుల కోసం ఆదివారాలలో నడిచిన ప్రారంభ జీవరసాయనశాస్త్ర తరగతులలో గడిచింది. 1982లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలసిన తరువాత, చదువుకొనే వయసు దాటినదని అనిపించుకొన్నవారు పని మానకుండానే చదువుకోవడం తెలుగునాట వింత కాకుండా పోయింది. రక్తపరీక్షల ల్యాబులలో పనిచేసేవారు, మందుల దుకాణాల గుమాస్తాలు, బడిపంతుళ్లు, పిల్లలు పెద్దవారయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన గృహిణులు ఈ తరగతులకు వచ్చేవారు. అమైనో ఆమ్లాల నిర్మాణాన్నీ, ఎంజైముల పనినీ, గ్లూకోజు విచ్ఛిన్నమై శక్తినిచ్చే క్రమాన్నీ వారు ఇంటివద్ద, బస్సులో, రాత్రి డ్యూటీ విరామంలో చదువుకోగలిగేవారు గాని, ప్రయోగానికి మాత్రం ఈ బల్ల దగ్గరికి రాక తప్పేది కాదు. దూరవిద్యలో పాఠం పోస్టులో అందుతుంది, కొలత అందదు.

వారికి మొదట నేర్పేది బైయూరెట్ పద్ధతి. ప్రోటీన్ అనేది అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో వరుసగా అతుక్కొన్న గొలుసు; క్షార ద్రావణంలో రాగి అయాన్లు ఆ బంధాలున్న చోట కలిసినప్పుడు ఊదారంగు ఏర్పడుతుంది. ఊదా ద్రావణం ఆకుపచ్చ కాంతిని శోషిస్తుంది కాబట్టి 540 నానోమీటర్ల ఆకుపచ్చ ఫిల్టరును అమర్చి, ప్రోటీన్ తప్ప మిగిలిన రసాయనాలన్నీ గల ‘బ్లాంక్’ ద్రావణంతో ముందుగా ముల్లును సున్నా వద్ద నిలపాలి. నూనె కొనేటప్పుడు ఖాళీ డబ్బా బరువును తీసివేయడం వంటిదే ఇది. ఆ తరువాత ప్రోటీన్ పాళ్లు ముందే తెలిసిన ద్రావణాలతో గీత గీసి, తెలియని సీరం నమూనాను ఆ గీతతో పోల్చాలి. ఆరోగ్యవంతుల సీరంలో డెసిలీటరుకు సుమారు 6 నుంచి 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. యంత్రం ఇచ్చిన అంకెను ఏళ్ల తరబడి రిపోర్టులోకి ఎక్కించిన ల్యాబు ఉద్యోగి, ఆ అంకె వెనుక ఒక బ్లాంకూ ఒక గీతా ఉన్నాయని గ్రహించిన పూట, తన కొలువు సార్థకమైనదని ఈ పరికరం భావించేది.

దీని గర్వానికి మరొక కారణం 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోస్టన్‌లో ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్టపోసుకొంటూ హార్వర్డులో చదివిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, ఆపై క్షయకరణం చెంది నీలిరంగు ఇస్తుంది. ఆ నీలపు చిక్కదనమే ఫాస్ఫేటు లెక్క. కండరపు సారంలో ఆ నీలం రావలసిన వేగంతో రాక, ఆలస్యంగా చిక్కబడుతూ పోవడాన్ని వారు పొరపాటుగా కొట్టివేయక, ఆమ్లంలో మెల్లగా విడిపోతున్న ఒక ఫాస్ఫరస్ సమ్మేళనం అందులో ఉన్నదని తేల్చారు. 1927లో వారు వెల్లడించిన ఆ సమ్మేళనమే కండరానికి తక్షణ శక్తి నిల్వగా పనిచేసే ఫాస్ఫోక్రియాటిన్.

ఇంతటి వంశంలో పుట్టినదానికి దక్కిన ఆదరణ వేరు. క్యూవెట్‌ను పైభాగాన మాత్రమే పట్టుకోవాలన్న నియమం గోడమీది కాగితానికే పరిమితం కావడంతో, గాజు మీది వేలిముద్రలు కూడా ప్రోటీన్‌గానే లెక్కలోకి వచ్చేవి. అంచు దాకా పోసిన ద్రావణం పొర్లి గూటిలోకి దిగి మరకలు కట్టింది. తరగతి ముగిసినా స్విచ్ ఆపేవారు లేక, బల్బు ఎవరికీ అక్కరలేని వెలుగును తెల్లవార్లూ ఇచ్చేది. సముద్రపు తేమకు ఫిల్టర్ల మీద బూజు పట్టింది. స్టెబిలైజరును ఆఫీసు కంప్యూటరుకు తరలించిన తరువాత, కరెంటు హెచ్చుతగ్గులకు ముల్లు వణుకుతుంటే, పరికరం ముసలిదైపోయిందని అన్నారు. చివరకు బల్బు మాడిపోగా, కొత్తది కొనడానికి బదులు ‘పనిచేయదు’ అని చీటీ అంటించారు. అంటించిన జిగురు మాత్రం మేలైనది, ఇంతవరకు ఊడలేదు. స్టాకు రిజిస్టరులో పేరున్నందువల్ల పారవేయడానికి వీలులేక, మరమ్మతుకు పద్దు లేక, ఈ పరికరం బీరువా మీద పాత జవాబుపత్రాల కట్టల నడుమ చేరింది.

అయినా ప్రయోగాలు ఆగలేదు, కాగితం మీద. వెనుకటి బ్యాచ్ రికార్డులలోని రీడింగులు కొత్త రికార్డులలోకి దిగాయి. ఈ పరికరం పనిచేసిన రోజులలో బిందువులు గీతకు కాస్త అటూ ఇటూ పడేవి, ఎందుకు పడ్డాయన్న దానిమీద వాదన జరిగేది. అది మూలపడ్డాక గీసిన గ్రాఫులలో ప్రతి బిందువూ గీతమీదే నిలిచింది, మార్కులూ పెరిగాయి. నీలం ఆలస్యంగా వచ్చిందని గమనించగల మనిషి ఆ ఆదివారపు విద్యార్థులలో ఉన్నప్పటికీ, అసలు నీలమే రాని గదిలో ఆ మనిషి గమనించగలిగేదేమీ ఉండదని, ఒక బల్బు ధర మిగిల్చిన పద్దులో ఈ నష్టానికి గడి లేదని ఈ పరికరం ఫిర్యాదు.