బస్సు కావాలంటే ఎవరి గుమ్మం ఎక్కాలి?

మా అమ్మాయికి పదహారేళ్లు. ఓటు లేదు, కారు లేదు, ఓపిక అసలే లేదు. మేముండేది న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో, కొండమీద. సాయంత్రం ఆట ముగిశాక ఇల్లు చేరడానికి ఇంకో బస్సు ఉంటే బాగుంటుందని దాని కోరిక. "నేను లేనా, కారులో తీసుకురానా?" అన్నాను. "నువ్వున్నావనేగా నాన్నా బస్సు వెయ్యనిది" అంది. దీనికి జవాబు వెతుక్కునేలోపే స్నేహితురాళ్లని పోగేసి అర్జీ మొదలుపెట్టింది.

అర్జీల సంగతి నాకు చెప్పాలా! మాది రంగారెడ్డి జిల్లా. ఎమ్మెల్యేగారి కారుకి అడ్డం నిలబడి "ఒక్క నిమిషం సార్" అనడం, సోమవారం ప్రజావాణిలో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. 2021లో మంచాల మండలం చీదేడు నుంచి ఎనిమిదో తరగతి పిల్ల, మా ఊరి బస్సు మళ్లీ వేయించండని ఏకంగా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారికే ఉత్తరం రాసింది. ఆయన ఆర్టీసీ ఎండీ సజ్జనార్‌గారి చెవిన వేశారు, బస్సు కదిలింది. మా జిల్లా పిల్లలంటే అదీ!

ఇక్కడ చిక్కంతా ఎవరికి రాయాలన్నదే. ఊరికి మేయరున్నారు, హట్ సిటీ కౌన్సిల్ ఉంది, కానీ బస్సులు వాళ్లవి కావు. అవి గ్రేటర్ వెల్లింగ్టన్ రీజినల్ కౌన్సిల్ చేతిలో ఉంటాయి, మెట్‌లింక్ పేరుతో తిరుగుతాయి. తోలేది కాంట్రాక్టు దక్కించుకున్న కంపెనీలు. బస్సు తిరిగే వీధులు మళ్లీ సిటీ కౌన్సిల్‌వి. ఖర్చులో పెద్ద వాటా వాకా కొటాహీ అనే కేంద్ర రవాణా ఏజెన్సీది. పెళ్లి బంతిలో పప్పు ఒకరు, నెయ్యి ఒకరు వడ్డిస్తూ, అన్నం అడిగితే మాత్రం అందరూ వెనక్కి తిరిగి చూసినట్టుంటుంది. రీజినల్ కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి కూర్చున్న కెన్ లబాన్‌గారు 2025 అక్టోబరులో లోవర్ హట్ మేయరయ్యారు. బస్సులున్న చోటినుంచి బస్సుల్లేని చోటికి ప్రమోషన్ అన్నమాట.

సరే, ఉత్తరం రీజినల్ కౌన్సిల్ అధ్యక్షుడు డారన్ పాంటర్‌గారికి రాద్దామన్నారు పిల్లలు. ముసాయిదా నేనందుకున్నాను. "మహారాజరాజశ్రీ అధ్యక్షులవారి దివ్యసముఖమునకు" స్థాయికి తగ్గకుండా, ఇంగ్లీషులో ఎంత వంగగలనో అంతా వంగాను. అమ్మాయి చదివి, మొదటి పేజీ మొత్తం కొట్టేసి, "కియా ఓరా డారన్" అని మావోరీ పలకరింపు పెట్టింది. ఛైర్మన్‌ని, ఏకంగా పేరు పెట్టి! గారు లేదు, సారు లేదు. "అలా రాస్తే ఉన్న బస్సు కూడా పీకేస్తారే" అన్నాను. "మరి నీలా రాస్తే చదవరు నాన్నా" అంది. కింద మాత్రం పట్టిక కట్టింది: ఏ స్టాపులో ఎంతమంది పిల్లలు, ఏ టైముకి, ఎవరిని ఎవరు కారులో మోసుకెళ్తున్నారు. ఆఖరి వరుసలో నా పేరుంది, ఎదురుగా "అలసిపోయాడు" అని రాసుంది.

ఛార్జీల సంగతి కూడా కలపమన్నాను. 2023 జూలైలో ప్రభుత్వం పదమూడేళ్లలోపు పిల్లలకి ఉచితం, పదమూడు నుంచి ఇరవైనాలుగు ఏళ్లవాళ్లకి సగం ఛార్జీ అంది. ఈలోగా ప్రభుత్వం మారింది, 2024 ఏప్రిల్‌తో ఆ ముచ్చట తీరిపోయింది. "అది పార్లమెంటు పని, ఇందులో కలపకూడదు" అంది మా ప్లీడరు.

వీళ్లకి ఓటుంటే ఇంత రాతకోత అక్కర్లేదేమో. పద్దెనిమిదేళ్ల నిబంధన వయసు వివక్షే అని 2022 నవంబరులో ఇక్కడి సుప్రీంకోర్టు అన్నది. స్థానిక ఎన్నికల వరకైనా పదహారుకి దించుదామని ఒక బిల్లు తెచ్చారు, తర్వాతి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. నాకు మాత్రం పౌరసత్వం లేకపోయినా, రెసిడెన్సీ ఉంది కాబట్టి ఓటుంది. బస్సెక్కేవాళ్లకి ఓటు లేదు, ఓటున్న నేను బస్సెక్కను.

ఈ లోపం మా అమ్మాయి కనిపెట్టేసింది. గత ఎన్నికలప్పుడు పోస్టులో వచ్చిన బ్యాలెట్ కాగితాలు నా ముందు పరిచి, రీజినల్ కౌన్సిల్‌కి ఇష్టాల వరుసలో ఎవరి పక్కన ఒకటి, ఎవరి పక్కన రెండు అని అంకె వెయ్యాలో బస్సుల మీద వాళ్లేమన్నారో చదివి మరీ చెప్పింది. నేను నింపి, కవరు అంటించి, కారు తాళాలు తీశాను.

"కారెందుకు? బస్సులో వెళ్లి వేసిరా" అంది. "స్నాపర్ కార్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించు. జనం ఎక్కట్లేదంటే నువ్వొక లెక్కకొస్తావు."

"వచ్చేటప్పటికి బస్సు లేకపోతే?"

"అదీ రాసుకురా, పట్టికలో వేస్తాను."